మళ్లీ ఆల్జీబ్రా దగ్గర్నుంచి

2012 సెప్టెంబర్ చివరి వారం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, క్యూపర్టినోలోని డి ఆంజా కాలేజీలో సాయంత్రం క్లాసు. కుర్చీలన్నీ నిండిపోయాక గోడవారగా నేల మీద కూర్చున్న ఏడెనిమిది మందిలో నేనూ ఉన్నాను. నాకప్పుడు ముప్పై మూడేళ్లు. పక్కన బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అబ్బాయికి పంతొమ్మిది కూడా ఉండవేమో. వెయిట్‌లిస్టులో నాది తొమ్మిదో నంబరు. క్లాసు పేరు ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా.

ఆ పేరు చూసినప్పుడల్లా గుండెలో ఏదో కలుక్కుమనేది. నేను ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివినదాన్ని. తెనాలిలో 1996లో పాసయ్యాను. మ్యాథ్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఎంసెట్ రాశాను. ర్యాంకు ఫ్రీ సీటుకు అందలేదు. పేమెంట్ సీటు అయితే వస్తుందన్నారు. మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరు. దుగ్గిరాల వైపు కాలువ లాకుల దగ్గర పని. ఇంట్లో నా వెనక ఇంకో ఇద్దరు పిల్లలు. పేమెంట్ సీటు మాట ఆ రోజు అన్నం దగ్గర ఒకసారి వచ్చింది, నాన్న కంచంలోంచి తలెత్తలేదు. మళ్లీ ఎవరమూ ఎత్తలేదు. నేను బీకామ్‌లో చేరాను. తర్వాత పెళ్లి, ఆయన ఉద్యోగం, 2006లో సన్నీవేల్.

ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది హెచ్-4 వీసా. అప్పట్లో దాని మీద ఉద్యోగం చేయడానికి వీలుండేది కాదు. చదువుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. కాలిఫోర్నియాలో ఏడాది దాటి స్థిరంగా ఉంటున్నట్టు కాగితాలు చూపిస్తే, హెచ్-4 వాళ్లకు కూడా కమ్యూనిటీ కాలేజీలో, అంటే డి ఆంజా లాంటి ఎవరైనా చేరగలిగే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, స్థానికుల ఫీజే. ఆ సంగతి నాకు ఆరేళ్ల పాటు తెలియదు. మా వాడిని లైబ్రరీలో కథలు చెప్పే గంటకు తీసుకెళ్తుంటే అక్కడ పరిచయమైన ఒక కొరియన్ ఆవిడ చెప్పింది. ఆవిడ నర్సింగ్ కోసం కెమిస్ట్రీ చదువుతోంది. "నిన్ను ఎవరూ ఏమీ అడగరు, వెళ్లి దరఖాస్తు పెట్టుకో" అంది. ఇంటికొచ్చి ఆ రాత్రే పెట్టేశాను. ట్రాన్‌స్క్రిప్టు వద్దు, సిఫార్సు ఉత్తరం వద్దు, మధ్యలో పదహారేళ్లు ఏం చేశావన్న ప్రశ్న లేదు. మ్యాథ్స్‌లో ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చడానికి ప్లేస్‌మెంట్ టెస్టు ఒక్కటే.

ఆ టెస్టులో లాగరిథమ్స్ దగ్గరికొచ్చేసరికి నా బుర్రలో తెల్ల కాగితం మిగిలింది. ఒకప్పుడు కళ్లు మూసుకుని చేసిన బిట్లు. స్క్రీన్ మీద ఫలితం వచ్చింది: ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా. అక్కడి నుంచి ఇంజనీరింగ్‌కు కావాల్సిన మ్యాథ్స్ పూర్తయ్యే దాకా ఎన్ని క్లాసులో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆల్జీబ్రా ఒకటి, ప్రీకాల్క్యులస్ మూడు, కాల్క్యులస్ నాలుగు, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా. మొత్తం పది. అక్కడ క్వార్టర్ పద్ధతి, పన్నెండు వారాలకో క్లాసు. చాలావరకు వరసగా ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిందే. ముందుది పాసవకుండా తర్వాతది ఇవ్వరు.

ఆ ఏడాది రాష్ట్రం దగ్గర డబ్బుల్లేవు. బడ్జెట్ కోతలతో కాలిఫోర్నియా అంతటా కమ్యూనిటీ కాలేజీల్లో సెక్షన్లు తగ్గించేశారు. అదే సమయంలో ఉద్యోగాలు పోయినవాళ్లు చదువుకుందామని వచ్చారు. నవంబర్‌లో చదువుల కోసం పన్నులు పెంచే ప్రపోజిషన్ 30 ఓటింగులో గెలిచాక మెల్లగా మళ్లీ సెక్షన్లు పెరిగాయి కానీ, నేను చేరిన సెప్టెంబర్‌లో ఏ క్లాసు చూసినా వెయిట్‌లిస్టే. మాస్టారు గ్రీన్ షీట్ పంచారు. సిలబస్ కాగితాన్ని అక్కడ అలాగే అంటారు. "ఈ వారమంతా వస్తూ ఉండండి, ఎవరైనా మానేస్తే యాడ్ కోడ్ ఇస్తాను" అన్నారు. యాడ్ కోడ్ అంటే చిన్న కాగితం ముక్క మీద కొన్ని అంకెలు. ఆ అంకెలు కొడితేగాని క్లాసులో పేరు ఎక్కదు.

నాలుగు రోజులు నేల మీదే కూర్చున్నాను. హోమ్‌వర్కు మాత్రం అందరితో పాటే చేసి తీసుకెళ్లాను. ఐదో రోజు మాస్టారు తొమ్మిదో నంబరు పిలిచారు. ఆ కాగితం ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది, పాత లెక్కల నోట్సులో. యూనిట్‌కు 31 డాలర్లు, ఐదు యూనిట్లకు 155. ఇంటికొచ్చి మా ఆయనతో "సీటొచ్చింది" అన్నాను. ఆయన నవ్వి, "ఎంసెట్ కౌన్సెలింగ్ అయిపోయిందన్నమాట" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన కంగారు పడిపోయారు పాపం.

ఆ క్లాసులో కొత్త విషయం ఏదీ లేదు. అన్నీ ఒకప్పుడు చదివినవే. కానీ నేను అప్పట్లో వాటిని బట్టీ కొట్టాననీ, ఎందుకో తెలుసుకోలేదనీ అక్కడే అర్థమైంది. రెండు నెగటివ్‌లను గుణిస్తే పాజిటివ్ ఎందుకవుతుందని మాస్టారు అడిగితే, "రూలు" అని చెప్పబోయి ఆగిపోయాను. 2017లో ఏబీ 705 అని చట్టం వచ్చాక ఇలాంటి కింది మెట్టు క్లాసులు చాలావరకు తీసేశారు. ఆ మెట్ల మీదే ఎంతోమంది చదువు మానేస్తున్నారని, నేరుగా పై క్లాసుల్లో కూర్చోబెడితేనే ఎక్కువమంది గట్టెక్కుతున్నారని ఆ మార్పు తెచ్చారు. అది నిజమేనని ఒప్పుకుంటాను. నాతో మొదలుపెట్టినవాళ్లలో కాల్క్యులస్ దాకా వచ్చినవాళ్లు నాకు కనిపించినంతలో ముగ్గురే. కానీ నా మటుకు ఆ ఆల్జీబ్రా క్లాసు లేకపోతే నేను కాల్క్యులస్‌లో రెండో వారానికే ఇంటికొచ్చేసి ఉండేదాన్ని. పదహారేళ్ల తుప్పు అక్కడే వదిలింది.

మా భోజనాల బల్ల అప్పట్లో ఎప్పుడూ పుస్తకాలతో నిండి ఉండేది. ఒక చివర మా వాడి ఎక్కాలు, ఇంకో చివర నా ఫ్యాక్టరింగ్. వాడికి ఏడేళ్లు. "అమ్మా, నీకు కూడా హోమ్‌వర్కా?" అని మొదటి వారం ఆశ్చర్యపోయాడు. తర్వాత వాడే "నీది అయ్యిందా?" అని అడిగేవాడు. కొత్త పుస్తకాలు కొనాలంటే ఒక్కోటి వంద డాలర్ల పైన. అందుకే లైబ్రరీలో రెండు గంటలకు ఇచ్చే రిజర్వ్ కాపీ తీసుకుని లెక్కలన్నీ చేత్తో నోట్సులోకి ఎక్కించుకునేదాన్ని. అలా రాసుకున్నవే బాగా గుర్తున్నాయి.

కెమిస్ట్రీ ల్యాబు గురించి చెప్పకుండా ఉండలేను. మా ఇంటర్ కాలేజీలో నలుగురికి ఒక బ్యూరెట్టు, అంటే ద్రవాన్ని చుక్కచుక్కగా వదిలే కొలత గొట్టం. ఒకళ్లు చేస్తుంటే ముగ్గురం రీడింగులు రాసుకునేవాళ్లం. ఆ ఒకళ్లు ఎప్పుడూ నేను కాదు. డి ఆంజాలో మొదటిసారి ఒక బ్యూరెట్టు నా ఒక్కదాని ముందు నిలబడింది. అందులో సోడియం హైడ్రాక్సైడ్, దాని గాఢత కనుక్కోవాలి. కేహెచ్‌పీ అనే తెల్లటి పొడి గ్రాములో పదివేలో వంతు దాకా తూచి, నీళ్లలో కరిగించి, రంగు మారి ముగింపు చెప్పే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేశాను. ఎడమ చేత్తో నాబ్, కుడి చేత్తో ఫ్లాస్కు తిప్పుతూ ఉండాలి. చుక్క పడిన చోట గులాబీ రంగు మెరిసి మాయమవుతుంది. ముగింపు దగ్గరపడేకొద్దీ ఆ రంగు పోవడానికి తీసుకునే సమయం పెరుగుతుంది. అప్పుడు చుక్క కూడా ఎక్కువే. నాబ్ కొంచెం తెరిచి, బ్యూరెట్టు కొనకు వేలాడే అర చుక్కను ఫ్లాస్కు అంచుకు తాకించి, పిచికారీ సీసాతో నీళ్లు కొట్టి లోపలికి దించాలి. అలా దించాక ఉన్నట్టుండి ఫ్లాస్కంతా లేత గులాబీ. ముప్పై సెకన్లు నిలవాలి. గడియారం చూస్తూ నిలబడ్డాను. నిలిచింది.

నా పక్క బల్ల దగ్గర వియత్నాం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. యాభై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్‌లో సోల్డరింగ్ చేశారట, 2009లో ఉద్యోగం పోయింది. ఆయన ఫ్లాస్కు ముదురు గులాబీ రంగులోకి వెళ్లిపోయింది. మళ్లీ మొదటికి. ఆయన ఏమీ అనకుండా ఫ్లాస్కు కడుక్కుని మళ్లీ తూచుకుని వచ్చారు. మూడోసారికి ఆయనదీ నాదీ ఒకే రంగు. రెండు ఫ్లాస్కులూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాం. ఆ రోజు ల్యాబు మూసేవాళ్లు వచ్చి లైట్లు తీస్తామనేదాకా మేమిద్దరం కదల్లేదు.

అన్నీ ఇలా సాఫీగా జరగలేదు. ఫిజిక్స్ 4ఏ మొదటి మిడ్‌టర్మ్‌లో నాకు వందకు నలభై ఒకటి. మెకానిక్స్ అంటే మనకు వచ్చిందే కదా అన్న ధీమాతో వెళ్లాను. ఏటవాలు బల్ల మీద దిమ్మె, పైన కప్పీ, అవతల వేలాడే బరువు. నాకు ఫార్ములా గుర్తుంది, వేసేశాను. ప్రశ్నలో ఘర్షణ దిశ తిరగేసి ఇచ్చారు, నేను గమనించలేదు. పేపరు పట్టుకుని మాస్టారి ఆఫీస్ అవర్స్‌కు వెళ్తే ఆయన నా జవాబు చూడనే లేదు. "బొమ్మ ఏది?" అన్నారు. బొమ్మ గీయలేదన్నాను. తెల్ల కాగితం ఇచ్చి, దిమ్మెను ఒక్కదాన్నే గీయమన్నారు. దాన్ని ఎవరెవరు పట్టుకున్నారో, ఎటు లాగుతున్నారో ఒక్కో బాణం గీయమన్నారు. భూమి కిందికి. బల్ల పైకి, వాలుకు లంబంగా. తాడు ఒక పక్కకు. "ఘర్షణ?" అన్నారు. అప్పుడు ఆలోచించాను: దిమ్మె ఎటు జారబోతోంది? దానికి ఎదురుగా. బాణం తిరగేసి గీశాను. ఆయన ఇంకేమీ చెప్పలేదు, నా పేపరు నాకిచ్చేశారు. అప్పటి నుంచి ఏ లెక్కకైనా ముందు బొమ్మే.

ఆ రోజుల్లో తెలిసినవాళ్ల ఇంట్లో పూజకు వెళ్తే ఒకావిడ, "ఈ వయసులో లెక్కలేంటమ్మా, ఏదో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు మూణ్నెల్లు చేస్తే సరిపోయేదిగా" అంది. మంచికే చెప్పింది, నాకు తెలుసు. ఆ కోర్సులు చేసి స్థిరపడినవాళ్లు మాలో చాలామంది. కానీ నాకు కావాల్సింది ఉద్యోగం ఒక్కటే కాదు. పదిహేడేళ్ల వయసులో మూసి పెట్టిన పుస్తకం ఏ పేజీ దగ్గర మూశానో ఆ పేజీ నుంచి చదవాలి. అది ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక ప్రసాదం తీసుకుని వచ్చేశాను.

ట్రాన్స్‌ఫర్, అంటే కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారడం, అక్కడ పెద్ద విద్య. ఈ కాలేజీలో చేసిన ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అసిస్ట్ అనే జాబితాలో ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి ఫ్రిజ్‌కు అంటించాను, ఒక్కో క్లాసు అయ్యాక పెన్నుతో కొట్టేసుకుంటూ వచ్చాను. తొంభై క్వార్టర్ యూనిట్లు చేస్తే మూడో సంవత్సరంలో చేరవచ్చు. కాలిఫోర్నియాలో 1960లో మాస్టర్ ప్లాన్ రాసినప్పుడే ఈ దారి వేసి పెట్టారు. ఎవరైనా సరే కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టి యూనివర్సిటీకి వెళ్లొచ్చని. ఎవరో ఎప్పుడో వేసిన దారి మీద నేను నడుస్తున్నానని ఆ ప్రింటు చూసినప్పుడల్లా అనిపించేది. యూసీ డేవిస్ సివిల్ ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది. కానీ సన్నీవేల్ నుంచి వంద మైళ్ల పైన. మా వాడికి పదేళ్లు. రెండు రోజులు ఆ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాను. చివరికి దగ్గర్లోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీకే సరే అన్నాను. 23వ నంబరు బస్సు డి ఆంజా దగ్గరే ఎక్కితే స్టీవెన్స్ క్రీక్ రోడ్డు పట్టుకుని నేరుగా డౌన్‌టౌన్‌లో దింపుతుంది. మూడేళ్లు ఆ బస్సులోనే సగం చదువు. డేవిస్ గురించి ఇప్పుడు బాధ లేదు. ఆ ఉత్తరం మాత్రం పారేయలేదు.

2017 ఫిబ్రవరి 21న శాన్ హోసేలో కయోటీ క్రీక్ పొంగింది. దాదాపు 14,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. మా క్యాంపస్‌కు దగ్గర్లోనే వీధుల్లో పడవలు తిరిగాయి. నేను ఆ సెమిస్టర్ హైడ్రాలిక్స్ చదువుతున్నాను. తెరచి ఉన్న కాలువలో నీళ్లు ఎంత వేగంగా పోతాయో చెప్పే మ్యానింగ్ సూత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే నడుస్తోంది. వాలు ఎంత, నీళ్లు తాకే చుట్టుకొలత ఎంత, దాంతో పాటు "ఎన్" అని ఒక అంకె. కాలువ అడుగూ గట్లూ నీళ్లను ఎంత పట్టి ఆపుతాయో ఆ అంకె చెబుతుంది. నున్నటి సిమెంటు కాలువకు 0.013. శుభ్రంగా ఉన్న మట్టి కాలువకు 0.022, 0.025. కలుపు పట్టి ఎవరూ బాగుచేయని కాలువకు 0.05, ఇంకా పైకి. పుస్తకంలో ఆ పట్టిక పక్కన కాలువల ఫొటోలు. గడ్డితో నిండిన ఒక కాలువ ఫొటో దగ్గర నా వేలు ఆగిపోయింది.

మా లాకుల దగ్గర గుర్రపుడెక్క వచ్చేది. ఊదారంగు పూలు. చిన్నప్పుడు మాకు అవి అందంగా కనిపించేవి, నాన్నకు మాత్రం శత్రువు. డెక్క పెరిగిన సంవత్సరం కాలువ చివరి పొలాలకు నీళ్లు అందేవి కావు. ఆ రైతులు సైకిళ్ల మీద లాకుల దగ్గరికి వచ్చేవాళ్లు. గేజి చూస్తే నీళ్లు నిండుగా ఉన్నాయి. మరి మా తూముకు ఎందుకు రావడం లేదు? లస్కరు పై పొలాలవాళ్లకు నీళ్లు అమ్ముకున్నాడు. ఆ మాట మా ఇంటి ముందు నిలబడి అన్నారు ఒకసారి. నాకు పన్నెండేళ్లు. అమ్మ తలుపు వేసేసింది. నాన్న బయటే నిలబడి, "డెక్కండీ, డెక్క వల్లండీ" అంటూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు.

ఆ సాయంత్రం హోమ్‌వర్కు పక్కన పెట్టి లాకుల కింద కాలువను లెక్కలోకి తెచ్చాను. అడుగు వెడల్పు ముప్పై అడుగులు అనుకున్నాను. "ఎన్" శుభ్రంగా ఉన్నప్పుడు 0.025, డెక్క పెరిగాక 0.05. లోతు అంతే, వాలు అంతే. నీళ్లు సరిగ్గా సగం. గేజి మీద అదే నిండు మట్టం, కింద నడిచేది మాత్రం సగం నీళ్లు. అంతకు ముందున్నంత నీళ్లే పోవాలంటే మట్టం ఇంకా పైకి లేవాలి, గట్టు తెగుతుంది. బొమ్మ గీశాను. రెండు కాలువలు పక్కపక్కన, ఒకే మట్టం.

మాకు రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పొద్దున. నాన్న రిటైరై తెనాలిలోనే ఉంటున్నాడు. ఫోన్‌లో బొమ్మ పంపి, తర్వాత వీడియో కాల్ చేసి మొత్తం చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"సగమా?" అన్నాడు.

"సగం నాన్నా. నువ్వు అప్పుడు చెప్పావే వాళ్లకి, డెక్క వల్లని. అదే ఇది."

నాన్న వెంటనే ఏమీ అనలేదు. వెనకాల అమ్మ కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. ఫోను కొంచెం పక్కకు వంగింది, నాకు గోడ మీద క్యాలెండర్ కనిపించింది. మళ్లీ ముఖం వచ్చింది.

"ముప్పై అడుగులు అని వేశావే, అక్కడ ముప్పై కాదు తల్లీ, ముప్పై నాలుగు. నేనే టేపు పట్టాను ఏఈ గారితో. అది మార్చి చూడు."

పెన్ను తీసుకుని అక్కడే మార్చాను. నాన్న చూస్తూనే ఉన్నాడు. రెండు వైపులా నీళ్లు పెరిగాయి కానీ నిష్పత్తి మారలేదు.

"వెడల్పు ఎంతైనా సగమే నాన్నా."

"అంతేనా?"

"అంతే."

"అయితే అది తెలుగులో రాసి పంపు, ముప్పై నాలుగు వేసి" అన్నాడు. "పంచాయతీ దగ్గర ఆ రైతుల్లో ఒకాయన రోజూ కూర్చుంటాడు, పేపరు చదువుకుంటూ. చూపిస్తాను."